పాకే పిల్లల గదిలో దఫ్ఫాయా

జూరీ అరిచిన అరుపు మర్నాటికి కూడా కరీమున్నీసా చెవుల్లోంచి పోలేదు. పద్నాలుగు నెలల పిల్ల. అరచేయి ఎర్రగా కమిలింది. పావుగంట సేపు చల్లటి నీళ్ళ కింద పట్టేసరికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. డాక్టరు చూసి, బొబ్బ లేవదులెమ్మని పూతమందు రాసిచ్చి పంపాడు. సాయంత్రానికి పిల్ల ఆ చేత్తోనే బిస్కట్టు తినేసింది. అయితే ఏం? కాలింది కాలిందే.

కాల్చింది దఫ్ఫాయా. గోడకు బిగించిన ఇనప రేడియేటర్. అరబ్బు ఎడారిలోని హఫర్ అల్ బాతిన్ ఎండలు ఎలా మండుతాయో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. చలి ఎలా కొరుకుతుందో మాత్రం వచ్చి ఉన్నవాళ్ళకే తెలుసు. జనవరిలో పొద్దున్నే కారు అద్దాల మీద మంచు గీక్కోవాలి. కరీమున్నీసా ఆయాగా చేసే హదానా, అంటే పసిపిల్లల బడి, నడిచే భవనాన్ని నలభై ఏళ్ళ కిందట ఏదో కంపెనీ తన విదేశీ ఇంజనీర్ల కోసం కట్టించింది. వెనక బాయిలరు, గోడల వెంట గొట్టాలు, ప్రతి గదిలో దఫ్ఫాయాలు, వాటిలో పొగలు కక్కే నీళ్ళు. ఇంజనీర్లు పెద్దవాళ్ళు. సుర్రుమంటే చెయ్యి తీసేసుకుంటారు. పాకే పిల్ల సంగతి వేరు. దేన్నో ఒకదాన్ని పట్టుకునే లేచి నిలబడుతుంది. చెయ్యి వదిలితే పడిపోతుంది. అందుకని వదలదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇంత చిన్న సంగతి ఆ భవనాన్ని అద్దెకిచ్చినవాడికీ తట్టలేదు, తీసుకున్నవాళ్ళకీ తట్టలేదు. గోడల నిండా ఏనుగులూ చేపలూ గీయించడం మాత్రం అందరికీ తట్టింది.

తప్పెవరిదనే మాట వచ్చేసరికి అది పైనుంచి జారుతూ జారుతూ వచ్చి గదిలో ఉన్న ఆయా దగ్గర ఆగింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది.

"కరీమా, పాకే పిల్లల గది మూసేస్తున్నాను," అంది ముదీరా హెస్సా. ముదీరా అంటే ఆ హదానాకు పెద్ద. "ఆదివారం జూరీ తల్లి వచ్చి చూస్తానంది. దఫ్ఫాయాలు భద్రంగా ఉన్నాయని ఆమె ఒప్పుకుంటే గది తెరుస్తాను. లేదంటే చలికాలం అయ్యేదాకా మూతే. అప్పుడు నాకు రెండో ఆయా అక్కర్లేదు. నువ్వు మా అక్క ఇంటికి వెళ్ళిపోవచ్చు."

వెళ్ళిపోవచ్చట! సెలవిచ్చినట్టు చెప్పింది. ఆ అక్క భర్తే కరీమున్నీసా కఫీలు, అంటే వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని. రాయచోటి నుంచి వచ్చిన మొదటి ఆరేళ్ళు ఆమె ఆ ఇంట్లోనే చేసింది. మూడంతస్తులు, పద్నాలుగు మంది, ఏ అంతస్తులో ఉన్నా పై నుంచో కింద నుంచో "కరీమా!" అనే కేక. పడుకునే చోటికి తలుపుంది గాని లోపల గడియ లేదు. రెండేళ్ళ కిందట ముదీరా తన హదానాకు మనిషి కావాలని అడిగి తెచ్చుకుంది. ఇక్కడ మూడున్నరకు పని అయిపోతుంది. శుక్రవారం సెలవు. వెనకవైపు చిన్న గది, దానికి లోపలి గడియ. పెద్ద పెద్ద కోరికలు ఉన్నవాళ్ళకు గడియ అంటే నవ్వొస్తుంది. ఆరేళ్ళు గడియ లేకుండా పడుకున్నవాళ్ళను అడగండి.

ఆదివారానికి నాలుగు రోజులు ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. అది కరీమున్నీసాకు తప్ప ఎవరికీ తెలియదు. జూరీ దఫ్ఫాయా దగ్గరికి ఊరికే పోలేదు. దాని మీద చొల్లుగుడ్డలు వేలాడుతున్నాయి. పిల్లల మెడకు కట్టే చిన్న గుడ్డలు, రోజుకు రెండుసార్లు తడిసేవి. ఎర్ర అంచు ఉన్న గుడ్డ కొస పట్టుకుని పిల్ల లేవబోయింది. గుడ్డ జారింది. చెయ్యి ఇనుము మీద పడింది. ఆ గుడ్డలు ఆరేసింది కరీమున్నీసానే. గుడ్డలు ఆరబెట్టే యంత్రం చెడిపోయి రెండేళ్ళయింది. బయట ఆరేస్తే దుమ్ము. మధ్యాహ్నానికి మాత్రం ప్రతి పిల్ల మెడలోనూ పొడి గుడ్డ ఉండాలని ముదీరా హుకుం. మరి ఎక్కడ ఆరేయాలి, నెత్తి మీదా? వేడి ఇనుము ఎదురుగా కనబడుతుంటే ఏ ఆడమనిషైనా ఏం చేస్తుందో ఆమె కూడా అదే చేసింది. జూరీ అరవగానే మొదట పిల్లను ఎత్తుకుంది, రెండో చేత్తో గుడ్డలన్నీ లాగి బుట్టలో పడేసింది. ఎవరూ చూడలేదు.

బుధవారం పొద్దున మెయింటెనెన్స్ కంపెనీ నుంచి మనిషి వచ్చాడు. యాభై దాటిన వయసు, తెల్లబడిన మీసం, మోచేతుల దాకా వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు. కరీమున్నీసా అతణ్ణి గదిలోకి తీసుకుపోతూ దఫ్ఫాయా వైపు చూసి, "నీ నోట్లో మన్ను బడ," అని గొణుక్కుంది.

"తెలుగేనా చెల్లె?" అన్నాడతను. "గంత సక్కగ తిట్టినవ్, ఇంకో భాషల గట్ల రాదు. నా పేరు బాలన్న. కోరుట్ల పక్కకు."

"మాది రాయచోటన్నా. యాళకొచ్చినావు. దీనికి ఏదో ఒకటి చేయల్ల నువ్వు. ఆదివారం లోపల చేయల్ల."

బాలన్న చేతి వెనకవైపుతో ఇనుమును అలా తాకి ఇలా తీశాడు. "గిది దఫ్ఫాయా గాదు, రొట్టెల పెంక. పసిపోరగాండ్లున్న గదిల గిదేంది?"

"మంట తగ్గిస్తే సరిపోదా?"

"బాయిలర్ ఒక్కటే. పైన రెండంతస్తులున్నయ్. ఈడ తగ్గిస్తే ఆడ గడ్డకడ్తరు." వంగి వాల్వు చూశాడు. "గీ వాల్వు మీద ఎవడో పెద్దమనిషి మూడుసార్లు రంగేసిండు. పదేండ్ల సంది కదలలే. బలిమి జేస్తే ఇరుగుతది, ఇరిగితే నీ గది చెరువైతది. ఎండకాలం నీళ్ళు ఖాళీ జేసి కొత్తయి ఎయ్యాలె. గిప్పుడైతే దీనికి పెట్టె కట్టుడే."

"ఎట్లాంటి పెట్టె?"

"చుట్టూ చెక్క, ముంగట తూట్ల రేకు. గాలి పోవాలె, చెయ్యి పోవద్దు."

అని జేబులోంచి టేపు తీసి పొడవు, ఎత్తు కొలుచుకున్నాడు. గదిలో ఐదు దఫ్ఫాయాలున్నాయి. కరీమున్నీసా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది. "అంతా కొలుస్తాండావు గానీ పిల్లోల్ల వేళ్ళు కొలిచినావా?"

బాలన్న టేపు పట్టుకుని ఆగిపోయాడు. తర్వాత నవ్వాడు. "లేదు. నా వేలుతోని కొలుద్దామనుకున్న."

"నీ వేలు పట్టని బొక్కలో వాళ్ళది మూడు పోతాయి. ఉండు, తలాల్ గాణ్ణి పట్టుకొస్తా."

తలాల్‌కు పదకొండు నెలలు. కంటబడిన ప్రతి బొక్కలోనూ వేలు పెట్టడం వాడి వృత్తి. తాళంచెవి బొక్క, సాక్సు చిరుగు, కరీమున్నీసా ముక్కు, ఏదైనా సరే. బాలన్న ఒక అట్టపెట్టె ముక్కకు మేకుతో మూడు సైజుల తూట్లు పొడిచి వాడి ముందు పెట్టాడు. మొదటి తూటులో వేలు మొదలంటా దిగింది. రెండో దానిలో కణుపు దాకా పోయింది. మూడోదానిలో గోరు మాత్రం ఆనింది. తలాల్ కాసేపు ఆ మూడోదాన్ని అవమానంగా చూసి, వంగి, దాన్ని నాకాడు.

"సూడన్నా, వేలు పట్టకపోతే నాలిక పెడతాడు," అంది కరీమున్నీసా.

"ఓరి నీ తెలివి! అయితే ఇనుముకు రేకుకు నడిమ నాలుగు వేళ్ళ సందు ఇడువాలె. అప్పుడు రేకు కాలది. నాకనియ్, ఏంగాదు."

"మూలలు గుండ్రంగా చేయల్ల. నెత్తి కొట్టుకుంటారు."

"జేస్త."

"పట్టుకుని లేస్తారు. ఊగకూడదు. మీద పడిందంటే కాలేదానికంటే ఘోరం."

"గోడకు బిగిస్త చెల్లె. ఏనుగు లేసినా కదలది."

"పైన చదునుగా పెట్టొద్దు. ఎక్కుతారు. ఎవురో ఒకరు చాయి గ్లాసు కూడా పెడతారు."

బాలన్న పెన్సిలు చెవి మీద నుంచి తీసి అట్ట మీద వాలుగా గీత గీశాడు. "ఇగో, జారుడుబండ లెక్క వాలు పెడ్త. ఇంకేమన్న ఉందా? నువ్వు మా కంపెనీల ఉంటే మా ఇంజనీరు కొలువు పోతుండె."

ముదీరా వచ్చి చూసింది. ఆ దేశంలో చేతిలో పానా ఉన్న ప్రతివాణ్ణీ ముహందిస్, అంటే ఇంజనీరు, అనే పిలుస్తారు. జీతం మాత్రం అలా ఇవ్వరు. "ముహందిస్, వాటి మీద జిరాఫీలు వేయించు. పూలు కూడా," అంది. కరీమున్నీసా అది తెలుగులో చెప్పింది.

"వద్దను. బొమ్మేస్తే పోరగాండ్లు దగ్గరికొస్తరు. మనకు గావాల్సింది దూరంగుండుడు. గోడ రంగే ఏస్త. దాన్ని సూసి పిల్లలకు నిద్ర రావాలె."

కరీమున్నీసా అరబ్బీలో అంత మర్యాద లేకుండానే చెప్పింది: "బొమ్మ ఉంటే ముద్దుపెట్టుకోడానికి పోతారు మేడమ్. మూతి ఆనిస్తారు."

ముదీరా ఏనుగుల గోడ వైపు చూసుకుని నిట్టూర్చింది. "సరే. కానీ లోపల దుమ్ము తుడవడానికి తెరుచుకోవాలి. దుమ్ము ఉంటే నేను ఒప్పుకోను."

అందుకని బాలన్న ముందు రేకుకు పైభాగాన గడియ పెట్టాడు. పెద్దవాళ్ళ నడుమెత్తున, రెండు చేతులతో రెండు పక్కలా ఒకేసారి నొక్కితేనే తెరుచుకునే గడియ. దాన్ని చూసుకుని అతనికి కొంచెం గర్వం కూడా కలిగింది.

గురువారం, శుక్రవారం వెనక పెరట్లో చెక్క కోశాడు. కరీమున్నీసాకు శుక్రవారం సెలవే అయినా ప్లాస్కులో చాయి పోసుకుని వచ్చి కూర్చుంది. ఉప్పుకాగితం పట్టి మూలలు రుద్దింది. అతను గుండ్రం చేసిన ప్రతి మూలనూ తన నుదుటికి ఆనించి చూసి, "ఇంగా రవ్వంత," అంది. అతను గొణుగుతూ మళ్ళీ రుద్దాడు. "మా ఇంటిది సుత గింత సతాయించలేదు," అన్నాడు. "ఆమెకు ఇంత పనిమంతుడు దొరికినాడని తెలిసిండదులే," అంది.

పాటు పడుతున్నప్పుడు ఆమె భయం తగ్గింది. చేసే పనిలో తన మాట చెల్లుతోంది. ఎనిమిదేళ్ళలో ఆ దేశంలో ఆమె మాట ఏ వస్తువు ఆకారాన్నీ మార్చలేదు. ఇప్పుడు ఐదు పెట్టెల మూలలు ఆమె చెప్పినట్టు తిరిగాయి.

శనివారం మధ్యాహ్నానికి ఐదూ గోడకు ఎక్కాయి. బాలన్న చేతులు దులుపుకుంటుంటే కరీమున్నీసా ఒంటి మీది నల్ల అబాయా అంచు నడుముకు చుట్టి, నేల మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి పాకడం మొదలుపెట్టింది.

"ఏమైంది? ఏమన్న పడ్డదా?"

"పిల్లోల్లు కాళ్ళ మీద నిలబడి చూస్తారా అన్నా? ఈడ నుంచి చూస్తారు."

గోడ వెంబడి గది చుట్టూ పాకింది. పెట్టెలను గుద్దింది, లాగింది, కింది సందులో చిటికెనవేలు పెట్టి చూసింది. తలుపు వెనక మూలకు పోయేసరికి ఆగి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "ఇదేంది?"

నేలకు జానెడు ఎత్తున గోడలోంచి బయటికి వచ్చి మళ్ళీ గోడలోకి పోయే గొట్టం వంపు. మూరెడు కూడా లేదు. తలుపు తెరిచి ఉంటే కనపడదు. నిలబడ్డవాడికి అసలే కనపడదు. వేడి మాత్రం దఫ్ఫాయాకు తక్కువ కాదు.

బాలన్న తన నుదురు తనే కొట్టుకున్నాడు. "నాలుగు రోజుల సంది ఈడనే తిరుగుతున్న. తల్లీ, నీకు దండం." అని కూర్చుని, గొట్టానికి మందపాటి తొడుగు చుట్టి, మీద దోనెలా తొలిచిన చెక్క బిగించాడు. డ్రిల్లు మిషను అక్కడే పెట్టి, బండి దగ్గర సామాను సర్దుకోడానికి బయటికి పోయాడు.

ఇప్పుడు రేపటి గుడ్డలు. కరీమున్నీసా ఉతికే యంత్రంలోంచి పద్నాలుగు చొల్లుగుడ్డలు తీసి భుజాన వేసుకుంది. బయట గాలి లేచి పెరడంతా ఎర్రటి దుమ్ము తిరుగుతోంది. ఆరేయడం ఎక్కడ అని ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే బాగుండేది. కాళ్ళు వాటంతట అవే పాకే పిల్లల గదికి నడిచాయి, రెండు చేతులు రెండు పక్కలా గడియ నొక్కాయి, రేకు తెరుచుకుంది, వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. ఒక గుడ్డ. రెండు. మూడు. నాలుగోది ఇనుము మీద పరుస్తుండగా దాని ఎర్ర అంచు కనబడింది.

ఆమె ఉన్నచోటనే కూలబడింది.

డ్రిల్లు కోసం తిరిగొచ్చిన బాలన్న గుమ్మంలో నిలబడి చూశాడు. తెరిచిన పెట్టె, ఇనుము మీద నాలుగు గుడ్డలు, కింద కూర్చున్న మనిషి. డ్రిల్లు ముట్టుకోకుండా, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అదే ఆమెను నోరు విప్పించింది.

"అన్నా, ఆ బిడ్డ చెయ్యి కాలింది నా వల్లే. గుడ్డ పట్టుకొని లేసింది. గుడ్డ నేను ఏసినా. ఎవురికీ చెప్పల్యా. ఇప్పుడు చూడు, మూత పెట్టినా నా చేతులు ఆగల్యా. రేప్పొద్దున కూడా తీస్తా. నాకు తెలుసు, తీస్తా."

బాలన్న ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "నాకు ఎరుకే."

"ఏం ఎరుక?"

"బుధవారం సూసిన. ఇనుము మీద నీళ్ళ చారల తుప్పు, సందులల్ల ఎర్ర దారపు పోగులు. తడిబట్ట ఆరేస్తనే గట్లయితది. ఎవలేసిండ్రో అడుగలే. అడిగితే నువ్వు అబద్ధం ఆడుతవ్, అటెంక నాతోని మూలలు రుద్దించవ్."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నీదొక్కదానిదే తప్పు గాదు," అన్నాడు బాలన్న. "గడియ పెట్టింది నేను. నువ్వు తెరువకుంటే రేపు ఇంకొకతి తెరుస్తది. తడిబట్ట చేతిల ఉన్నోళ్ళకు వేడి ఇనుము ఎదురుంగ ఉంటే ఇంకేం గావాలె? గడియ పీకేస్త. మరలు బిగిస్త. దుమ్ము తీయాలంటే నెలకొకసారి నేనొస్త, పానాతోని. అది సులువే. గని గీ గుడ్డలు యాడ ఆరేస్తవ్? దానికి జవాబు లేకుంటే నువ్వు మరలు సుత గోళ్ళతోని ఇప్పుతవ్."

"బాయిలరు గది వెచ్చగా ఉంటాది..."

"మంట కాడ బట్టలా? ఆడికి పోయినవంటే నేనే నిన్ను రాయచోటికి పంపిస్త. బట్టలుతికే గదిల దఫ్ఫాయా లేదా?"

"ల్యా. ఆ గదిలో చలికి నీళ్ళు ముట్టుకోలేము."

"ఉండాలె. గొట్టం ఆ గోడకెల్లి పోతది."

బట్టలుతికే గది పిల్లలు రాని చోటు. తలుపుకు పైన గొళ్ళెం ఉంది. లోపల బట్టలుతికే యంత్రం, దాని పక్కన చచ్చిపోయిన డ్రయరు, దాని మీద చచ్చిపోయిన ఇంకో పది వస్తువులు. బాలన్న ఒక మూల పట్టాడు, కరీమున్నీసా ఒక మూల పట్టింది. కీచుమంటూ డ్రయరు ముందుకు జరిగింది. దాని వెనక గోడకు, దుమ్ము పట్టి, నిక్షేపంగా, వేడిగా ఒక దఫ్ఫాయా. రెండేళ్ళుగా అది ఆ చచ్చిన యంత్రం వీపు కాచుతోంది. పక్కనే ఆడమనిషి గడ్డకట్టిన చేతులతో పసిపిల్లల గుడ్డలు పిండుతోంది. ఆ భవనం సంగతి మొత్తం చెప్పాలంటే ఆ ఒక్క మూల చాలు.

"ఏం చేస్తున్నారు మీరు?"

ముదీరా గుమ్మంలో ఉంది. పెట్టెలు చూసుకోడానికి వచ్చింది, చప్పుడు విని ఇటు తిరిగింది. కరీమున్నీసా బాలన్న వైపు చూసింది. అతనికి అరబ్బీలో పానా, గొట్టం, బాగుంది, రేపు అనే మాటలు తప్ప రావు. ఏం చెప్పినా తనే చెప్పాలి. కావలిస్తే అబద్ధం చెప్పవచ్చు. శుభ్రం చేస్తున్నామనవచ్చు. రేపు గది తెరుచుకుంటుంది, తను ఇక్కడే ఉంటుంది. తర్వాత ఏదో ఒక చలిరోజున, ఏదో ఒక గుడ్డ, ఏదో ఒక పిల్ల.

"జూరీ గుడ్డ పట్టుకుని లేచింది మేడమ్," అంది. "దఫ్ఫాయా మీద గుడ్డలు ఆరేసింది నేనే."

ముదీరా మొహం ఎర్రబడింది. "నాలుగు రోజులు! నాలుగు రోజుల నుంచి నాకు చెప్పకుండా ఉన్నావా? నేను ఆ తల్లి ముందు నిలబడి ఏమీ తెలియదని చెప్పాను!"

"తప్పే. భయపడ్డాను. మీ అక్క ఇంటికి పొమ్మన్నారు కదా, భయం వేసింది. ఇప్పుడూ వేస్తోంది." భుజం మీది గుడ్డలు జారకుండా పట్టుకుంది. "కానీ ఆ గుడ్డలు ఎక్కడ ఆరేయాలో మీరూ చెప్పలేదు. యంత్రం చెడిపోయిందని నేను నాలుగుసార్లు చెప్పాను."

డ్రయరు మీది డబ్బా ఒకటి దొర్లి కింద పడింది. ముదీరా ఆ డ్రయరును, దాని వెనక దఫ్ఫాయాను, కరీమున్నీసా భుజం మీద మిగిలిన తడి గుడ్డలను చూసింది. కోపం పోలేదు. కానీ అది ఎటు పోవాలో తెలియక నిలబడ్డట్టుంది.

"ఐదుసార్లు," అంది చివరికి. "ఐదోసారి నువ్వు ఫోన్‌లో మెసేజ్ పెట్టావు. నేను చదివి వదిలేశాను." బాలన్న వైపు తిరిగింది. "ఈయన ఏమంటాడు?"

బాలన్న పైకప్పు కింద ఒక గోడ నుంచి రెండో గోడకు చెయ్యి చాచి చూపించాడు. "దండెం కడ్తనని చెప్పు. రెండు వరసలు. తాడు గుంజితే కిందికొస్తది, ఇడిస్తే మీదికి పోతది. కింద దఫ్ఫాయా వేడి, మీద బట్టలు. అరగంటల ఆర్తయ్. దీనికి సుత పెట్టె కడ్త, ఎవడన్న పోరడు తలుపు తోసుకోని వస్తడేమో."

కరీమున్నీసా చెప్పింది. ముదీరా తలూపింది. "ఈ యంత్రాన్ని ఇవాళే బయట పారేయించు. ఆ గడియలు పీకించు." రెండడుగులు వేసి ఆగింది. "తల్లికి నేను చెబుతాను. అన్నీ చెబుతాను. ఆమె ఏమంటే అదే, కరీమా. అది నా చేతుల్లో లేదు."

ఆదివారం ఏడింటికి జూరీ తల్లి అమల్ వచ్చింది. స్కూలు టీచరు. పిల్లను చంకలో పెట్టుకునే పెట్టె దగ్గరికి పోయి, రేకు మీద అరచేయి ఆనించి, పెదాలు కదుపుతూ పది దాకా లెక్కపెట్టింది. వెచ్చగా ఉంది, అంతే. ఒంటి చేత్తోనే గట్టిగా పట్టి ఊపింది. కదల్లేదు. "ఇది ఎలా తెరుస్తారు?"

"పానా కావాలి," అంది కరీమున్నీసా. "పానా ఆయన జేబులో ఉంటుంది. మా దగ్గర ఉండదు."

అప్పుడు ముదీరా చెప్పింది. గుడ్డలు, ఎర్ర అంచు, చెడిపోయిన యంత్రం, ఐదుసార్లు. ఏదీ దాచలేదు. కరీమున్నీసా నేల చూస్తూ నిలబడింది. గది తెరుచుకునేదీ మూసుకునేదీ, తను ఉండేదీ పోయేదీ ఇప్పుడే తేలాలి. అమల్ పిల్ల అరచేయి విప్పి చూసుకుంది. తర్వాత సంచిలోంచి ఫోను తీసి ఇంట్లో పనిమనిషికి చేసింది.

"మేరీ, హాల్లో హీటర్ మీద జూరీ సాక్సులు ఆరేశాం కదా," అంది. "తీసెయ్. ఇప్పుడే. లేదు, ఆరకపోయినా సరే, తీసెయ్."

ఫోను లోపల పెట్టుకుంటూ కరీమున్నీసా వైపు చూసింది. ఆ చూపులో క్షమించానని లేదు, తిట్టాలనీ లేదు. "నాతో నువ్వే చెప్పి ఉండాల్సింది," అంది. "ఆ రోజే."

"అవును," అంది కరీమున్నీసా. "చెప్పి ఉండాల్సింది."

"ఒంటిగంటకు వస్తాను. పదింటికి పాలు పట్టు." పిల్లను ఆమె చేతికి ఇచ్చింది.

గది తెరుచుకుంది. పది గంటలకల్లా తొమ్మిదిమంది పిల్లలు నేల మీద ఉన్నారు. తలాల్ ఐదు పెట్టెలనూ వరసగా వేలితో పొడిచి చూసి, ఏదీ లొంగకపోయేసరికి పక్క పిల్ల చెవి మీద పడ్డాడు. బట్టలుతికే గదిలో దండెం మీద పద్నాలుగు గుడ్డలు ఆరి గలగలలాడుతున్నాయి. వాటిని కిందికి దించి మడతపెట్టేటప్పుడు వెచ్చగా తగిలితే కరీమున్నీసా ఒకదాన్ని చెంపకు ఆనించుకుంది. ఎవరూ చూడలేదు, చూసినా ఫర్వాలేదు.

బాలన్న పోయే ముందు ముదీరా దగ్గరికి కాగితం పట్టుకుపోయాడు. పని పూర్తయిందని సంతకం కావాలి. ముదీరా ఎవరితోనో ఫోనులో ఉండి, చేత్తో పాకే పిల్లల గది వైపు చూపించింది. గది ఆమెది, ఆమెతో పెట్టించుకో అన్నట్టు.

"ఏం రాసినారన్నా ఇందులో?" అంది కరీమున్నీసా, జూరీని చంకలో సర్దుకుంటూ.

"పెట్టలేవా సంతకం? జల్దీ, నా బండి పోతది."

"పోనీ. చదవని కాగితం మీద ఒకసారి సంతకం పెట్టే ఈ దేశానికి వచ్చినా. ఇంగోసారి పెట్టను. చదువు."

బాలన్న చదివాడు. ఐదు దఫ్ఫాయాలకు పెట్టెలు, గొట్టానికి తొడుగు.

"దండెం ఏదీ? ఆరో పెట్టె ఏదీ? నెలకొకసారి నువ్వొచ్చి దుమ్ము తీస్తానంటివే, అదేదీ?"

"అది మా ఆఫీసోడు రాయలే. నాకు ఇంగ్లీషు రాయనీకి రాదు."

"తెలుగులో రాయి."

"ఆడికెవలికి సమజైతది తెలుగు?"

"సమజు కాకపోతే నిన్ను పిలిచి అడుగుతారు. అడిగితే చెప్పు. రాయకపోతే అడగను కూడా అడగరు."

బాలన్న తల గోక్కుని, గోడకు కాగితం ఆనించి, కింద ఖాళీలో వంకర అక్షరాలతో రాశాడు. రాసింది ఆమె తనే మళ్ళీ ఒకసారి చదువుకుని, పేరు పూర్తిగా రాసింది. షేక్ కరీమున్నీసా. పెన్ను తిరిగిచ్చేలోపల జూరీ దాన్ని గుప్పిట్లో పట్టేసింది. బాలన్న లాగబోయాడు. పిల్ల ఇంకా గట్టిగా బిగించి, అతని మొహంలోకి చూసి నవ్వింది.

"ఇగ అది పోయినట్టే," అన్నాడు బాలన్న. బయట హారను మోగింది. అతను పెన్ను వదిలేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బండి ఎక్కడానికి పరిగెత్తాడు.